తక్కువ ఖర్చులో హాస్టల్ బస: బుకింగ్ వెబ్‌సైట్‌ను ఎంచుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ప్రయాణంలో చౌకగా ఉండేందుకు హాస్టల్ బుక్ చేసుకోవాలంటే ఏ వెబ్‌సైట్ మంచిదన్న ప్రశ్న పాఠకుల నుంచి పదేపదే వస్తోంది. ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే అది సరైన సమాధానం కాదు. హాస్టల్‌ను వెతకడానికి పనికొచ్చే సైటు, దాని మంచిచెడ్డలు తెలుసుకోవడానికి పనికొచ్చే సైటు, డబ్బు చెల్లించడానికి అనువైన సైటు చాలాసార్లు వేర్వేరుగా ఉంటాయి. ఈ మూడు పనులనూ ఒకే చోట, ఒకే ఊపులో ముగించాలని చూసినప్పుడే డబ్బు ఎక్కువగా పోతుంది.

ఇక్కడ చెబుతున్నది ప్రయాణికులకు రోజు లెక్కన బెడ్డు అద్దెకిచ్చే హాస్టళ్ల గురించి. హైదరాబాద్‌లో ‘హాస్టల్’ అని మాత్రమే గూగుల్ మ్యాప్స్‌లో వెతికితే అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లలోని నెలవారీ హాస్టళ్లే వరసగా వస్తాయి. మన నగరాల్లో వెతికేటప్పుడు ‘బ్యాక్‌ప్యాకర్ హాస్టల్’ అని రాయండి.

1. ఏ సైటూ తెరవకముందు కాగితం మీద రాసుకోవలసినవి

సైటు తెరిచాక తగ్గింపు ధరలు, ‘ఇంకా రెండు బెడ్లే మిగిలాయి’ వంటి హెచ్చరికలు కళ్ల ముందు కదులుతుంటాయి. అప్పుడు మన అవసరం వెనక్కు పోయి, కనిపించిన బేరం ముందుకు వస్తుంది. అందుకే ఈ వివరాలు ముందే రాసి పెట్టుకోవాలి.

☐ తేదీలు ఖాయమా, మారే అవకాశం ఉందా?
☐ ఊరికి చేరే గంట ఏది? అర్ధరాత్రి దాటాక చేరేవారికి 24 గంటలూ రిసెప్షన్ తెరిచి ఉండే చోటే కావాలి.
☐ ఎంతమంది? అందులో 18 ఏళ్ల లోపు వారు ఉన్నారా?
☐ మహిళలకు మాత్రమే ఉండే డార్మిటరీ (పలువురు పంచుకునే గది) కావాలా, అందరూ కలిసి ఉండేది సరేనా? గదిలో ఎన్ని బెడ్ల వరకు మీరు సర్దుకోగలరు?
☐ పన్నులతో కలిపి రాత్రికి గరిష్ఠంగా ఎంత పెట్టగలరు?
☐ వీసా కోసం బస ఆధారం చూపించాలా?

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తున్నట్లయితే అందరి బెడ్ల ధర కూడి, అదే ఊళ్లో ఒక మామూలు లాడ్జి గది ధరతో పోల్చండి. మన దేశంలో చాలా ఊళ్లలో ముగ్గురికి గదే చౌకగా పడుతుంది. హాస్టల్ వల్ల నిజంగా డబ్బు మిగిలేది ఒంటరి ప్రయాణికులకు, గది అద్దెలు మండిపోయే విదేశీ నగరాలకు వెళ్లేవారికి.

2. ఏ సైటు ఏ పనికి పనికొస్తుంది

హాస్టల్‌వరల్డ్. ఇది ప్రధానంగా హాస్టళ్ల కోసమే నడిచే సైటు. యూరప్, ఆగ్నేయాసియా నగరాలకు వెళ్లేవారు మొదట ఇక్కడ వెతకడం మంచిది. దీని బలం రేటింగ్‌లో ఉంది. భద్రత, శుభ్రత, ఉన్న చోటు, సిబ్బంది, వాతావరణం, సౌకర్యాలు, పెట్టిన డబ్బుకు దక్కిన విలువ అని విడివిడిగా మార్కులు చూపిస్తుంది. మామూలు బుకింగ్‌లో మొత్తంలో కొంత భాగాన్ని డిపాజిట్‌గా ముందే తీసుకుంటుంది, మిగతాది హాస్టల్‌లో కట్టాలి. రద్దు చేసుకుంటే ఆ డిపాజిట్ సాధారణంగా తిరిగి రాదు.

బుకింగ్.కామ్, అగోడా. వీటిలో హోటళ్లు, అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఫిల్టర్లలో బస రకాన్ని ‘హాస్టల్’గా ఎంచుకోవాలి. ఉచిత రద్దు, అక్కడికి వెళ్లాక చెల్లింపు అనే రెండు ఫిల్టర్లు బుకింగ్.కామ్‌లో బాగా పనికొస్తాయి. థాయిలాండ్, వియత్నాం వంటి ఆసియా దేశాలకు వెళ్లేవారు అగోడాలో కూడా చూడటం మంచిది. ఈ రెండు సైట్ల మాతృసంస్థ ఒక్కటే. అందువల్ల రెండింటిలోనూ ఒకే హాస్టల్ మంచిగా కనిపించినంత మాత్రాన దాన్ని ఇద్దరు వేర్వేరు సాక్షుల మాటగా తీసుకోకూడదు.

హాస్టల్ గొలుసుల (ఒకే పేరుతో చాలా ఊళ్లలో నడిచే హాస్టళ్ల) సొంత సైట్లు. మన దేశంలో జోస్టెల్, గోస్టాప్స్, ది హాస్టలర్ వంటి సంస్థలు సొంత వెబ్‌సైట్లు, యాప్‌ల ద్వారా నేరుగా బుకింగ్ తీసుకుంటాయి. మనాలి, రిషికేశ్, గోవా, వర్కల వంటి చోట్లకు వెళ్లేవారు మధ్యవర్తి సైటులో ధర చూశాక ఇక్కడా తప్పకుండా చూడాలి. తేదీ మార్చుకోవలసి వచ్చినప్పుడు నేరుగా చేసిన బుకింగ్‌ను మార్చడం చాలా సులువు, ఎందుకంటే మధ్యలో మూడో పక్షం ఉండదు.

యూత్ హాస్టళ్లు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సభ్యత్వం తీసుకుంటే దేశంలోని దాని హాస్టళ్లతో పాటు, యూత్ హాస్టళ్ల అంతర్జాతీయ సమాఖ్య అయిన హాస్టలింగ్ ఇంటర్నేషనల్ కింద ఉన్న విదేశీ హాస్టళ్లలోనూ సభ్యులుగా ఉండవచ్చు. జర్మనీలోని యూత్ హాస్టళ్లలో బసకు సభ్యత్వం తప్పనిసరి. అక్కడ చదువుకుంటున్న మన విద్యార్థులు సెలవుల్లో తిరిగేటప్పుడు ఈ దారిని మరిచిపోకూడదు. పార్టీల హోరు లేని, కుటుంబాలు కూడా ఉండగలిగే చోట్లు వీటిలో ఎక్కువ.

రైల్వే రిటైరింగ్ రూములు. ఒక్క రాత్రి, అదీ స్టేషన్ దగ్గరే కావాలంటే ఐఆర్‌సీటీసీ సైటులో డార్మిటరీ బెడ్లు కూడా దొరుకుతాయి. కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ పీఎన్‌ఆర్ ఉండాలి, ఆ టికెట్‌లో బయలుదేరే లేదా దిగే స్టేషన్‌లోనే బుక్ అవుతుంది.

గూగుల్ మ్యాప్స్. డబ్బు కట్టడానికి కాదు, నిజం తేల్చుకోవడానికి వాడుకోవాలి. ఎలాగో ఆరో అంశంలో వివరిస్తాను.

3. వెతకవలసిన క్రమం

మొదట ఒక పెద్ద సైటులో తేదీలు, మనుషుల సంఖ్య ఇచ్చి వెతకండి. తేదీలు ఇవ్వకుండా చూసే ధరలు దేనికీ పనికిరావు. వారాంతం, పండుగ సెలవుల్లో అదే బెడ్డు ధర బాగా పెరుగుతుంది.

రెండో మెట్టులో జాబితాను ధర ప్రకారం కాకుండా మ్యాప్ మీద పెట్టి చూడండి. స్టేషన్‌కు గానీ మెట్రోకు గానీ నడిచి వెళ్లలేనంత దూరంలో ఉన్న చౌక హాస్టల్ ఆటో ఖర్చుతో ఖరీదైపోతుంది. కొండ ఊళ్లలో మ్యాప్‌లో కిలోమీటరు అని కనిపించే దూరం సామానుతో ఎక్కవలసిన నిటారు మెట్ల దారి కావచ్చు.

మూడో మెట్టులో మూడు హాస్టళ్లను మాత్రమే మిగుల్చుకోండి. పది పేర్లు పెట్టుకుంటే దేన్నీ శ్రద్ధగా పరిశీలించలేరు. ఆ మూడింటి ధరను రెండో సైటులోనూ, హాస్టల్ సొంత సైటులోనూ ఒకే తేదీలకు, ఒకే రకం బెడ్డుకు చూసి రాసుకోండి. ఒక సైటులో ఏసీ ఉన్న ఆరు బెడ్ల గది ధర, మరో సైటులో ఏసీ లేని పన్నెండు బెడ్ల గది ధర పక్కపక్కన పెట్టుకుని పోల్చడం చాలామంది చేసే పొరపాటు.

4. చివరి ధరను లెక్కకట్టడం

వెతుకులాటలో మొదట కనిపించే అంకె చాలా సైట్లలో పన్నులు కలపని ధర. అందువల్ల చెల్లింపు పేజీ దాకా వెళ్లి, చెల్లించే బటన్ నొక్కకుండా ఆగి, మొత్తం అంకెను రాసుకోవాలి. హాస్టల్‌లో విడిగా అడిగేవి కూడా దానికి కలపాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. మధ్యవర్తి సైటులో రాత్రికి రూ.700 అని ఉంది. మూడు రాత్రులకు రూ.2,100, పన్ను 5 శాతం రూ.105, సైటు సేవా రుసుము రూ.150 కలిపి రూ.2,355. హాస్టల్‌లో తువ్వాలు అద్దె రూ.50, లాకర్ తాళం రూ.100 చేరితే రూ.2,505. అదే హాస్టల్ సొంత సైటులో రాత్రికి రూ.760 అని ఎక్కువగా కనిపిస్తోంది గానీ, మూడు రాత్రులకు పన్నుతో రూ.2,394, తువ్వాలు, తాళం ఉచితం. మొదట చౌకగా కనిపించినదే చివరికి రూ.111 ఎక్కువైంది.

పన్నుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న బసపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బెడ్డు బిల్లులో ఇంకా 12 శాతం కనిపిస్తే కారణం అడగండి. టర్నోవర్ తక్కువగా ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేని చిన్న హాస్టల్‌లో నేరుగా బుక్ చేసుకుంటే ఆ పన్ను ఉండదు. అదే హాస్టల్‌ను ఆన్‌లైన్ వేదిక ద్వారా తీసుకుంటే పన్ను కట్టే బాధ్యత ఆ వేదిక మీద పడుతుంది కాబట్టి బిల్లులో అది చేరుతుంది. ఊరి చివర ఇంటివాళ్లే నడిపే చిన్న హాస్టల్‌కు ఫోన్ చేసి అడగడంలో లాభం ఉందని చెప్పడానికి ఇదొక కారణం.

విదేశాల్లో నగర పన్ను అనేది వేరుగా ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి ఇది బస ధరలో 12.5 శాతం, బెర్లిన్‌లో 2025 నుంచి 7.5 శాతం. కొన్ని సైట్లు దీన్ని ధరలో కలిపి చూపిస్తాయి, కొన్ని ‘అక్కడ చెల్లించాలి’ అని చిన్న అక్షరాల్లో రాస్తాయి.

చివరి ధర చిట్టా:

☐ బెడ్డు ధర × రాత్రులు × మనుషులు
☐ జీఎస్టీ లేదా నగర పన్ను
☐ సైటు సేవా రుసుము
☐ దుప్పటి, తువ్వాలు, తాళం
☐ టిఫిన్ ధరలో ఉందా, విడిగానా
☐ విదేశీ కరెన్సీలో చెల్లిస్తే బ్యాంకు వేసే మార్కప్ (మారకం మీద అదనపు రుసుము), దానిపై జీఎస్టీ

5. రద్దు నియమాలు

తిరిగి డబ్బు రాని ధరకు, ఉచితంగా రద్దు చేసుకోగల ధరకు మధ్య తేడా కొద్దిగానే ఉంటే రెండోదే తీసుకోండి. ప్రయాణాల్లో మారేవి ఎక్కువ, మారనివి తక్కువ.

‘ఉచిత రద్దు’ అన్న మాట ఒక్కటే చదివితే చాలదు. ఏ తేదీ, ఏ గంట వరకు అన్నది చూడాలి. ఆ గంట సాధారణంగా హాస్టల్ ఉన్న ఊరి సమయం ప్రకారమే ఉంటుంది. అమెరికాలో ఉన్నవారు ఇండియాలోని హాస్టల్‌ను రద్దు చేయాలనుకుంటే తమ గడియారంలో ఇంకా ముందు రోజు ఉండగానే ఇక్కడ గడువు దాటిపోవచ్చు. బుక్ చేసిన వెంటనే, గడువుకు ఒక రోజు ముందుకు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

షెంగెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) బస ఆధారం చూపించవలసినవారు ఉచిత రద్దు ఉన్న బుకింగ్ తీసుకోవాలి. పాస్‌పోర్టు చేతికి వచ్చే దాకా దాన్ని రద్దు చేయకూడదు. అందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్లే బుకింగ్ పత్రంలో ఉండేలా చూసుకోవాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు పూర్తిగా విడమరిచి ఉండి, సైటు ఖాతాలో ఒక్క అక్షరంగా ఉండటం తరచూ జరిగేదే.

6. సమీక్షలను చదివే తీరు

ఎంపికలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన మెట్టు ఇదే. మొత్తం మార్కు ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి.

సమీక్షలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చి, గత ఆరు నెలలవి చదవండి. హాస్టళ్లలో మేనేజర్లు, యజమానులు తరచూ మారుతుంటారు, రెండేళ్ల కిందటి పొగడ్త ఇప్పటి గదికి వర్తించదు. మీరు వెళ్లే కాలానికి సంబంధించినవి కూడా వెతకండి. మనాలిలో మే నెల అతిథికి వేడి నీళ్లు సమస్య కాకపోవచ్చు, జనవరిలో వెళ్లేవారికి అదే ముఖ్యం. గోవాలో వానాకాలం సమీక్షలు గోడల చెమ్మ గురించి చెప్పేవి ఎండాకాలం సమీక్షలు చెప్పవు.

తరువాత తక్కువ మార్కులు ఇచ్చినవారి మాటలు చదవండి. వీటిలో అభిరుచికి సంబంధించిన ఫిర్యాదులు, లోపానికి సంబంధించిన ఫిర్యాదులు అని రెండు రకాలు ఉంటాయి. ‘రాత్రి పదకొండు దాకా పాటలు పెట్టారు’ అన్నది కొందరికి ఇబ్బంది, కొందరికి కావలసిందే. నల్లులు, విరిగిన లాకర్లు, సామాను పోవడం, నీళ్లు రాకపోవడం, సిబ్బంది అసభ్య ప్రవర్తన అన్నవి ఎవరికైనా లోపాలే. అలాంటి ఫిర్యాదు ఒకే లోపం గురించి వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషుల నుంచి వస్తే దాన్ని నిజంగా తీసుకుని ఆ హాస్టల్‌ను వదిలేయండి. మహిళల భద్రత గురించైతే వివరంగా రాసిన ఒక్క ఫిర్యాదు ఉన్నా వదిలేయడమే నా సలహా.

గూగుల్ మ్యాప్స్ సమీక్షల్లో మాట వెతికే వీలుంది. బెడ్ బగ్స్, లాకర్, హాట్ వాటర్, వైఫై అనే మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కటిగా వెతికితే ఐదు నిమిషాల్లో అసలు సంగతి తెలుస్తుంది. అక్కడే అతిథులు పెట్టిన ఫొటోలు చూడండి. హాస్టల్ పెట్టిన ఫొటోల్లో మేడ మీది కేఫ్, గోడ మీది బొమ్మలు ఉంటాయి. అతిథుల ఫొటోల్లో బాత్రూము, బెడ్ల మధ్య ఖాళీ, మెట్లు కనిపిస్తాయి.

హాస్టల్‌వరల్డ్, బుకింగ్.కామ్ పదికి మార్కులిస్తాయి, గూగుల్ ఐదుకు ఇస్తుంది. పదిని సగం చేసి పోల్చకండి, లెక్క కుదరదు. ఒకే సైటులో, ఒకే ఊళ్లోని హాస్టళ్లను పక్కపక్కన పెట్టి పోల్చడమే సరైనది. శుభ్రత, భద్రత విభాగాల్లో పదికి ఎనిమిది కూడా లేని హాస్టల్‌ను, మొత్తం మార్కు ఎంత ఉన్నా, నేను ఎవరికీ సూచించను.

ఒంటరిగా వెళ్లే మహిళలు సమీక్షల్లో చూసుకోవలసినవి:

☐ మహిళల డార్మిటరీకి బాత్రూము లోపలే ఉందా? గది విడిగా ఉన్నా బాత్రూము అందరిదీ ఒకటే కావచ్చు.
☐ గది తలుపుకు కార్డు లేదా కోడ్ తాళం ఉందా?
☐ బెడ్డుకు తెర, లోపల లైటు, ప్లగ్ ఉన్నాయా?
☐ ప్రధాన రోడ్డు నుంచి హాస్టల్ దాకా రాత్రిపూట దారి ఎలా ఉంది?
☐ రాత్రి డ్యూటీలో ఎవరైనా ఉంటారా?

7. ఇంటి నియమాలు చదవకుండా డబ్బు కట్టకండి

బుకింగ్ చేతిలో ఉన్నా గుమ్మం దగ్గరే వెనక్కు పంపే నియమాలు కొన్ని ఉంటాయి.

పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి దాన్ని గుర్తింపు పత్రంగా తీసుకోరు. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డులలో ఒకటి అసలుది ఉంచుకోండి. ఆధార్ కాపీ ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను తీసుకుంటారేమో అడగండి.

అదే ఊరి చిరునామా ఉన్న గుర్తింపు కార్డును చాలా హాస్టళ్లు అంగీకరించవు. హైదరాబాద్ చిరునామా ఉన్నవారికి హైదరాబాద్‌లోని హాస్టల్‌లో బెడ్డు నిరాకరించే అవకాశం ఉంది. ఉద్యోగం కోసం వేరే ఊరికి మారి, ఆధార్ చిరునామా మార్చుకోనివారికి ఈ చిక్కు ఎక్కువ.

డార్మిటరీల్లో 18 ఏళ్ల లోపు వారిని సాధారణంగా ఉండనివ్వరు. కొన్ని చోట్ల పై వయసుకూ పరిమితి ఉంటుంది, తల్లిదండ్రుల కోసం బుక్ చేసేవారు ఇది తప్పక చూడాలి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వారికి ఇచ్చేది) ఉన్నా సరే, ముందే హాస్టల్‌ను అడగాలి. విదేశీ పాస్‌పోర్టుతో వచ్చిన అతిథి వివరాలను బస ఇచ్చినవారు 24 గంటల్లోగా ఇమ్మిగ్రేషన్ అధికారులకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఆ ఏర్పాటు లేని చిన్న హాస్టళ్లు విదేశీ పాస్‌పోర్టులను తీసుకోవు.

8. సైటు అసలుదేనా?

గూగుల్‌లో హాస్టల్ పేరు కొట్టినప్పుడు పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి. అసలు సైటును పోలిన నకిలీలు అక్కడే ఎదురవుతాయి. చిరునామా పట్టీలో తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైటు నిజమైనదని కాదు. పేరులోని ప్రతి అక్షరాన్నీ చదవండి.

☐ హాస్టల్ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో, గూగుల్ మ్యాప్స్‌లో, సైటులో ఒకే ఫోన్ నంబరు ఉందా?
☐ వీడియో కాల్‌లో గది చూపించమంటే చూపిస్తున్నారా?
☐ యూపీఐలో డబ్బు పంపేటప్పుడు వ్యాపారం పేరు కనిపిస్తోందా, ఎవరో వ్యక్తి పేరా?
☐ మొత్తం డబ్బు ఇప్పుడే పంపమని తొందరపెడుతున్నారా?

బుక్ అయిన తరువాత ‘కార్డును మళ్లీ ధ్రువీకరించకపోతే బుకింగ్ రద్దవుతుంది’ అని లింకుతో సందేశం వస్తే, అది సైటు చాట్‌లోనే వచ్చినా సరే, నొక్కకండి. హాస్టళ్ల ఖాతాలను కాజేసిన మోసగాళ్లు అలా పంపుతుంటారు. యాప్‌లోకి మీరే వెళ్లి బుకింగ్ స్థితి చూసుకోండి, లేదా హాస్టల్‌కు ఫోన్ చేయండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

9. చెల్లింపు

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. బుకింగ్‌కు ముందు ఆన్ చేసి, పరిమితి తక్కువగా పెట్టి, పని అయ్యాక ఆపేయండి. విదేశీ సైట్లలో కొన్ని ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకుంటాయి.

విదేశంలో హాస్టల్ మెషీన్ మీద ‘రూపాయల్లో చెల్లిస్తారా, స్థానిక కరెన్సీలోనా’ అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. రూపాయల్లో చూపే మారకపు రేటు దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దారులు

తేదీ తప్పడం. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు చేరేవారు, ఆ తెల్లవారిన తేదీకి బుక్ చేస్తారు. ఆ బెడ్డు మధ్యాహ్నం తరువాతే ఇస్తారు. ముందు రోజు తేదీకి బుక్ చేసి, ఆలస్యంగా వస్తున్నామని హాస్టల్‌కు రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే రాలేదని లెక్కవేసి బెడ్డు వేరొకరికి ఇచ్చేస్తారు.

అన్ని రాత్రులూ ఒకేసారి బుక్ చేయడం. వారం రోజులు ఒకే ఊళ్లో ఉండేవారు మొదట రెండు రాత్రులకే తీసుకుని, నచ్చితే పొడిగించుకోవడం మంచిది. పండుగ, సెలవుల రద్దీలో మాత్రం ఇది పనిచేయదు.

కలిసి వెళ్తూ విడివిడిగా బుక్ చేయడం. వేర్వేరు గదుల్లో పడతారు. ఒకే బుకింగ్‌లో తీసుకోండి, లేదా బుకింగ్ నంబర్లు రెండూ హాస్టల్‌కు పంపి ఒకే గది అడగండి.

11. బుక్ అయ్యాక చేయవలసినవి

☐ బుకింగ్ పత్రాన్ని పీడీఎఫ్‌గా ఫోన్‌లో దాచుకోండి, సిగ్నల్ లేని చోట్లు ఉంటాయి.
☐ ఎంత కట్టారు, ఇంకా ఎంత కట్టాలి అన్నది ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి.
☐ చేరడానికి రెండు రోజుల ముందు హాస్టల్‌కు సందేశం పంపి బుకింగ్ అందిందని నిర్ధారించుకోండి.
☐ సొంత తాళం ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

వెళ్లాక ‘మీ బుకింగ్ మా దగ్గర లేదు’ లేదా ‘బెడ్లు నిండిపోయాయి’ అంటే మీ అంతట మీరు రద్దు చేయకండి. మీరు రద్దు నొక్కితే తప్పు మీ వైపు నమోదై, డబ్బు తిరిగి రావడం కష్టమవుతుంది. బెడ్డు ఇవ్వలేమన్న మాటను హాస్టల్ చేత చాట్‌లో రాయించుకోండి. రిసెప్షన్ దగ్గర నుంచే సైటు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, దగ్గరలో వేరే బస చూపించమని గానీ పూర్తి డబ్బు తిరిగి ఇవ్వమని గానీ అడగండి. బెడ్డు ఇచ్చి అది బుక్ చేసిన రకం కాకపోయినా, నల్లులు కనిపించినా, సామాను విప్పకముందే ఫొటోలు తీసి మేనేజర్‌కు చూపించండి. ఒక రాత్రి గడిపాక చేసే ఫిర్యాదు మీద డబ్బు తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.